ద్యుతీ చంద్: పరుగు, న్యాయము

అమీర్‌పేట, పంజాగుట్ట వీధులు విద్యార్థమై, ఉద్యోగార్థమై దూరదేశములనుండి వచ్చిన యువజనులతో నిండియుండు ఈ హైదరాబాదు నగరమునకే, ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా నేతకుటుంబమునుండి వచ్చి, నాగపురి రమేశ్ శిక్షణలో పరుగునకు పదునుపెట్టుకొన్న ప్రవాసి ద్యుతీ చంద్.

2014లో, దేహమున సహజముగా నున్న హార్మోను అధికమని ఆమెను కామన్వెల్త్ క్రీడలకు పంపక నిలిపివేసిరి; దానిని తగ్గించు చికిత్సకు తలయొగ్గక, ఆమె అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమును ఆశ్రయింపగా, 2015 జులైలో ఆ హార్మోను పరిమితి నియమమే తాత్కాలికముగా నిలిచిపోయినది. ఎంతటి ధైర్యము! 2018 జకార్తా ఆసియా క్రీడలలో రెండు రజతములు, 2019 నేపుల్స్ విశ్వవిద్యాలయ క్రీడలలో 100 మీటర్లకు 11.32 సెకన్లతో స్వర్ణము లభించినవి. 2023లో డోపింగు నిషేధము పడినది. అది దాచదగినది కాదు. అయినను, తనవంటి క్రీడాకారిణులకొరకు ఆమె తెరిపించిన విచారణ, నా దృష్టిలో, ఆ పతకములకంటె మిన్న.