గాయపడ్డ ఆకు పరిమళం

ఇంగ్లండులో మధ్యాహ్నపు టీ అంటే ఒక చిన్న విందు. మూడంతస్తుల స్టాండు మీద కింద దోసకాయ సాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు, పైన చిన్న చిన్న కేకులు పెడతారు. పక్కన జామ్, చిక్కటి క్లాటెడ్ క్రీమ్, ఏ టీ కావాలో ఎంచుకోవడానికి ఒక జాబితా ఉంటాయి. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మరియా రస్సెల్ ఈ అలవాటు మొదలుపెట్టిందని చెబుతారు. ఆ కాలపు దొరల ఇళ్లలో రాత్రి భోజనం బాగా పొద్దుపోయాక జరిగేది. మధ్యాహ్నం తిన్నది అప్పటికి ఎప్పుడో అరిగిపోయేది. సాయంత్రం నాలుగైదు గంటలకు నీరసం వస్తోందని ఆవిడ టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడం, స్నేహితురాళ్లను పిలవడం మొదలుపెట్టిందట. ఇవాళ లండన్ హోటళ్లు ఈ విందుకు ఏదో ఒక ఇతివృత్తం జోడిస్తున్నాయి. ఒకచోట పిల్లల కథల పుస్తకం, ఒకచోట పూలతోట, మరోచోట చాక్లెట్.

నన్నడిగితే వీటన్నిటికంటే గొప్ప ఇతివృత్తం ఆ టీ జాబితాలోనే ఉంది. అందులోని వైట్ టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ, ప్యూఅర్ అన్నీ ఒకే మొక్క ఆకులు. దాని పేరు కామెల్లియా సైనెన్సిస్. చిన్న ఆకుల చైనా రకం, పెద్ద ఆకుల అస్సాం రకం ఉన్నా రెండూ ఒకే జాతి. ఈ సంగతి యూరప్‌కు చాలాకాలం తెలియదు. 1762లో లినేయస్ అంతటి వృక్షశాస్త్రవేత్త గ్రీన్ టీకి ఒక మొక్క, బ్లాక్ టీకి ఇంకో మొక్క అని రెండు పేర్లు పెట్టాడు. 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తోటల్లో తిరిగి, ఒకే చెట్టు ఆకును రెండు రకాలుగానూ తయారుచేయడం కళ్లారా చూశాకే ఆ అపోహ తొలగింది.

మొక్క ఒకటే అయినప్పుడు ఇన్ని రుచులు ఎక్కడివి? నేల, ఎత్తు, ఋతువు అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ ప్రధానమైన జవాబు వేరే ఉంది. ఆకుకు ఎలాంటి గాయం తగిలింది, తగిలాక దాన్ని ఎంతసేపు వదిలేశారు అన్నదాన్ని బట్టే కప్పులోకి వచ్చేదేమిటో తేలుతుంది.

టీ లేత చిగురులో నీరు తీసేసి తూస్తే దాదాపు నాలుగో వంతు పాలీఫినాల్సే. వాటిలో ఎక్కువ భాగం కాటెకిన్లు. వీటిని మార్చగల ఎంజైమ్, పాలీఫినాల్ ఆక్సిడేజ్, అదే కణంలో వేరే గదిలో ఉంటుంది. ఆకు క్షేమంగా ఉన్నంతవరకు ఈ రెండూ కలవవు. నలిగితే గోడలు తెగిపోతాయి, రెండూ కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేది ఇందుకే. ఉప్పునీళ్లలో వేసి మనం ఆపే చర్యనే టీ తయారీదారు కావాలని జరగనిస్తాడు, తనకు కావలసిన చోట ఆపుతాడు.

గ్రీన్ టీలో మొదట్లోనే ఆపేస్తారు. జపాన్‌లో ఆవిరితో, చైనాలో ఎక్కువగా వేడి బాణలిలో ఆకును వేడిచేసి ఎంజైమ్‌ను చంపేస్తారు. పచ్చదనం మిగులుతుంది, కాటెకిన్లు కాటెకిన్లుగానే ఉంటాయి. వైట్ టీలో మొగ్గల్ని, లేత ఆకుల్ని నలపకుండా వాడ్చి ఆరబెడతారు. ఊలాంగ్‌లో ఆకు అంచులు మాత్రం కమిలేలా ఊపి, సగంలో ఆపుతారు. బ్లాక్ టీలో ఆకును 12 నుంచి 18 గంటలు వాడనిచ్చి, యంత్రంలో నలిపి, ఎంజైమ్‌ను దాని పని పూర్తిగా చేసుకోనిస్తారు. అప్పుడు కాటెకిన్లు జతకట్టి థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అవుతాయి. కప్పులో కనిపించే బంగారు మెరుపు, నాలుక మీద చురుకుదనం మొదటివాటివి. ఎరుపు, చిక్కదనం రెండోవాటివి. ఇ.ఎ.హెచ్. రాబర్ట్స్ అనే రసాయనశాస్త్రవేత్త 1950లలో వీటిని విడదీసి చూపించాడు. టీ ఫ్యాక్టరీలలో ఈ దశను ఇప్పటికీ ఫెర్మెంటేషన్ అనే అంటారు గానీ, ఇందులో సూక్ష్మజీవుల ప్రమేయం లేదు. సూక్ష్మజీవులు నిజంగా పనిచేసేది యునాన్ ప్రాంతపు ప్యూఅర్‌లో. తడి ఆకును కుప్పపోసి త్వరగా మాగబెట్టే పద్ధతిని 1973లో కున్‌మింగ్‌లో రూపొందించారు.

మన ఇళ్లలో కాగే టీ పొడి చాలావరకు సీటీసీ రకం. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును చీల్చి, చితకగొట్టి, గుళికలుగా చుట్టే ఈ యంత్రాన్ని 1930లలో అస్సాంలో విలియం మెకర్చర్ తయారుచేశాడు. కణాలన్నీ ఒకేసారి చితికిపోవడంతో రసాయన చర్య వేగంగా ముగుస్తుంది. పొడి కూడా నిమిషాల్లో రంగు వదిలేస్తుంది. పాలు, చక్కెర పోసినా తట్టుకునే డికాక్షన్ దీనివల్లే సాధ్యమైంది. ఆకును ఆకుగా ఉంచి నలిపే పాత పద్ధతిని వ్యాపారులు ఆర్థడాక్స్ అంటారు. సువాసనలోని సూక్ష్మభేదాలు తెలియాలంటే అదే కావాలి.

మనిషి చేసే గాయాల సంగతి ఇది. పురుగు చేసే గాయం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. డార్జిలింగ్ తోటల్లో మే, జూన్ నెలల్లో కోసే ఆకును సెకండ్ ఫ్లష్ అంటారు. అందులోని మేలురకానికి మస్కటెల్ అని పేరు. మస్కట్ ద్రాక్షను, తేనెను కలిపి గుర్తుచేసే వాసన అది. ఆ కాలంలో లేత చిగుళ్ల మీద పచ్చదోమ, తామర పురుగులు చేరి రసం పీలుస్తాయి. మన పత్తి రైతుకు ఈ రెండు పేర్లూ గుండెలో గుబులు పుట్టిస్తాయి. పత్తి మీద వాలేది వేరే జాతి, టీ మీద వాలేది వేరే జాతి. అయినా రెండు పచ్చదోమలూ ఒకే కుటుంబానివి, పీల్చే తీరు కూడా ఒకటే. పత్తిలో నష్టం చేసే ఈ పని టీలో విలువ పెంచుతుంది.

కుట్టించుకున్న చిగురు ఊరుకోదు. రక్షణ కోసం కొన్ని ఆవిరి పదార్థాలు తయారుచేస్తుంది. పురుగుల్ని తినే జీవులు ఆ వాసన పట్టుకుని వస్తాయి. ఈ రక్షణ పదార్థాల్లోనే హోట్రియెనాల్, దాని ముందు రూపమైన ఒక డయోల్ ఉన్నాయి. మస్కటెల్ వాసనకు మూలం ఇవే. తైవాన్‌లోని ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్‌లో కూడా పచ్చదోమ కాటే ప్రాణం. అక్కడి రైతు ఆ ఆకు కావాలనుకుంటే మందు కొట్టకూడదు, పురుగు వచ్చేవరకు ఎదురుచూడాలి. ఆకు పెరగదు, దిగుబడి పడిపోతుంది, ధర మాత్రం పెరుగుతుంది. సేద్యంలో ఇంత అందమైన ఒప్పందాలు నాకు తెలిసి చాలా తక్కువ.

పురుగు కుట్టని ఆకులోనూ పరిమళం దాగి ఉంటుంది. లినలూల్, జెరానియోల్ వంటి సువాసన అణువుల్ని మొక్క చక్కెరకు కట్టేసి దాచుకుంటుంది. అలా కట్టి ఉన్నంతసేపు వాటికి వాసన ఉండదు. ఆకు వాడి, నలిగినప్పుడు వేరే ఎంజైములు ఆ చక్కెరను తెంచేస్తాయి, వాసన బయటపడుతుంది. లినలూల్ ధనియాల్లో దండిగా ఉంటుంది. జెరానియోల్ గులాబీలో ఉంటుంది. డార్జిలింగ్‌లో గులాబీ ఛాయ తగిలితే అది ఊహ కాదు, కప్పులో ఆ అణువు నిజంగానే ఉంది. 2004లో మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు దక్కింది కూడా డార్జిలింగ్ టీకే.

చైనా జాస్మిన్ టీ గురించి తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అందులో వాడేది జాస్మినమ్ సాంబాక్, అంటే సాక్షాత్తూ మన మల్లె. పగలు కోసిన మొగ్గలు రాత్రి విచ్చుకుంటాయి. ఆ వేళకు వాటిని ఎండిన గ్రీన్ టీతో కలిపి ఉంచుతారు. ఆకు వాసనను పీల్చుకుంటుంది. పొద్దున్న పూలు ఏరేసి, ఆకును మళ్లీ ఆరబెట్టి, మర్నాటి రాత్రి కొత్త పూలతో ఇదే పని చేస్తారు. ఖరీదైన రకాలకు ఇలా చాలా రాత్రులు పడుతుంది. మందు కొట్టని పెరటి మల్లెలుంటే వేసవిలో మనమూ ప్రయత్నించవచ్చు. మూత గట్టిగా బిగిసే డబ్బాలో ఒక రాత్రి ఉంచి, పూలు తీసేసి, ఆకును సన్నసెగ మీద తేమ పోయేలా ఆరబెడితే చాలు.

ఇక రుచి చూడటం. వేలం కేంద్రాల్లో టీ టేస్టర్లు పాటించే పద్ధతికి ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్ల మరిగే నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. దీనికి మూలమైన బ్రిటిష్ ప్రమాణానికి 1999లో నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ వచ్చింది. కానీ దాని ఉద్దేశం సరైనదే. వందల నమూనాలను పోల్చాలంటే నీళ్లు, కాలం, తూకం మారకూడదు. ఆరు నిమిషాలు నానితే ఆకులోని లోపం దాక్కోలేదు. ఇంట్లో ఆనందం కోసమైతే బ్లాక్ టీకి మూడు నాలుగు నిమిషాలు చాలు. గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీల నీళ్లే పోయాలి. మరిగే నీళ్లు పోస్తే కాటెకిన్లు ఎక్కువగా దిగి చేదెక్కుతుంది. జపాన్ గ్యొకురో వంటి నీడపట్టు టీలకు ఇంకా చల్లటి నీళ్లు కావాలి. కోతకు ముందు దాదాపు మూడు వారాలు తోటకు నీడ కడతారు. ఎండ తగిలితే కాటెకిన్లుగా మారిపోయే థియానిన్ అనే అమైనో ఆమ్లం ఆకులోనే నిలిచిపోతుంది. కమ్మటి, రసం లాంటి ఆ రుచి దానిదే.

టేస్టర్లు స్పూనుతో చప్పుడు చేస్తూ జుర్రుతారు. మొహమాటం వదిలి మనమూ అలాగే చేయాలి. గాలితో కలిసిన తుంపర్ల నుంచి సువాసన అణువులు గొంతు వెనకనుంచి ముక్కులోకి చేరతాయి. మనం టీ రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం అక్కడే తెలుస్తుంది. ముక్కు మూసుకుని ఒక గుక్క తాగి, తర్వాత వదిలితే తేడా వెంటనే అర్థమవుతుంది.

వగరు సంగతి వేరు. మన షడ్రుచుల్లో అది ఒకటి. శరీరశాస్త్రం మాత్రం దాన్ని ప్రధానంగా స్పర్శ కింద లెక్కిస్తుంది. పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, నోట్లో జారుడు తగ్గి, చెంపలు లోపలికి లాగినట్టవుతుంది. ఇంగ్లీషువాళ్ల మూడంతస్తుల పళ్లెంలోని తెలివి ఇక్కడ బయటపడుతుంది. కార్న్‌వాల్ క్లాటెడ్ క్రీమ్‌లో కొవ్వు కనీసం 55 శాతం. కొవ్వు నోటికి జిడ్డు పూస్తుంది, వగరు ఆ జిడ్డును గీకేస్తుంది. 2012లో అమెరికాలోని మోనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్ పరిశోధకులు ఉప్పేసి ఆరబెట్టిన కొవ్వు మాంసంతో పాటు టీ ఇచ్చి, నీళ్లు ఇచ్చి పోల్చి చూశారు. టీ తాగినప్పుడు జిడ్డు తక్కువగా తెలిసింది. వగరు గుక్కగుక్కకీ పెరుగుతుందని కూడా తేలింది. అందుకే ఒక కొరుకు, ఒక గుక్క చొప్పున సాగే ఆ విందు విసుగు పుట్టించదు.

అందుచేత పళ్లెంలోది, కప్పులోది కలిసేలా చూసుకోవాలి. దోసకాయ సాండ్‌విచ్‌కు గ్రీన్ టీ, వెన్న ఎక్కువున్న స్కోనుకు చురుకైన అస్సాం, పొగబెట్టిన చేపకు పైన్ పొగలో ఆరబెట్టిన వూయీ కొండల లాప్‌సాంగ్ సూచాంగ్ సరిపోతాయి. మిరపకాయ బజ్జీలకు డార్జిలింగ్ వద్దని నా గట్టి సలహా. మిరప ఘాటును, 43 డిగ్రీలు దాటిన వేడిని నోట్లో పట్టేది ఒకే గ్రాహకం, టీఆర్‌పీవీ1. వేడి టీ ఆ మంటను రెట్టిస్తుంది, సన్నటి పరిమళం ఆ గోలలో వినపడదు. బజ్జీలకు పాల టీయే తగినది. పాలలోని కేసీన్ వగరును పట్టేస్తుంది, మిరప మంటనూ తగ్గిస్తుంది. హైదరాబాదు ఇరానీ చాయ్‌లో డికాక్షన్ ఎంతసేపు కాగినా నోరు పట్టేయకుండా ఉండేది ఆ చిక్కటి పాల వల్లే.

నీళ్ల విషయం చాలామంది పట్టించుకోరు. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. అలాంటి నీటితో చేసిన బ్లాక్ టీ మీద తెట్టు కట్టి, కప్పు గోడకు గోధుమరంగు చార పడుతుంది. నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్ల సమక్షంలో పాలీఫినాల్స్ గాలి తగిలి ఆక్సీకరణ చెందడం వల్ల ఆ తెట్టు వస్తుందని 1990లలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో తేల్చారు. రెండు చుక్కల నిమ్మరసం పిండితే తెట్టు కట్టదు. ఖరీదైన ఆకు కొనేముందు మంచి నీళ్లు చూసుకోవడం మేలు.

నాలుగైదు రకాలు కలిసి రుచి చూడాలనుకుంటే 50 గ్రాముల పొట్లాలు చాలు. గ్రీన్, ఊలాంగ్, డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్, నీలగిరి ఆర్థడాక్స్, అస్సాం వరసలో, తేలికైనదానితో మొదలుపెట్టి ఘాటైనదానితో ముగించాలి. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు తాగాలి. అస్సాం కప్పులో కొంచెం మిగిల్చి పూర్తిగా చల్లారనివ్వండి. మసకబారుతుంది. వేడి తగ్గాక కెఫీన్, థియాఫ్లావిన్లు ఒకదాన్నొకటి పట్టుకుని పేరుకోవడం వల్ల వచ్చే మసక అది. టీ పాడైందని పారబోయకండి, టేస్టర్లు దాన్ని ఆకులో పస ఉందనడానికి గుర్తుగా చూస్తారు. మళ్లీ వేడిచేస్తే తేటపడుతుంది.