ఉమ్మడి కాపురంలో ఎఫ్ షార్ప్

మైక్రోసాఫ్ట్ 2002లో విడుదల చేసిన డాట్‌నెట్ చాలా భాషలకు ఉమ్మడి వేదిక. సీ షార్ప్‌లో రాసినా, విజువల్ బేసిక్‌లో రాసినా కంపైలర్ ఆ ప్రోగ్రామును ఒకే మధ్యంతర భాషలోకి మారుస్తుంది. దాన్ని ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మలచడం, వాడకం అయిపోయిన మెమొరీని తిరిగి తీసుకోవడం వేదిక పని. కాబట్టి ఒక భాషలో రాసిన లైబ్రరీ మిగతా వాటికీ పనికొస్తుంది.

అయితే ఈ ఇంటిని కట్టింది ప్రధానంగా ఆబ్జెక్టులు, క్లాసులతో పనిచేసే భాషల కోసం. ఫంక్షనల్ భాషల తీరు వేరు. వాటిలో ఫంక్షన్ కూడా అంకెలాగే ఒక విలువ. మరో ఫంక్షన్‌కు అందించవచ్చు. ఒకసారి పేరు పెట్టిన విలువను సాధారణంగా మార్చరు. లూపు బదులు ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటుంది. ప్రతి పిలుపూ స్టాక్ అనే మెమొరీ భాగంలో కొంత చోటు తీసుకుంటుంది గనుక పిలుపులు లక్షల్లోకి వెళితే ప్రోగ్రాం కూలిపోతుంది. ఆ పిలుపే ఫంక్షన్ చేసే చివరి పని అయితే పాత చోటును వదిలేయవచ్చు. అందుకు డాట్‌నెట్ మధ్యంతర భాషలో ప్రత్యేక సూచన ఉంది. జావా వేదికలో లేదు; అక్కడ నడిచే క్లోజర్ అనే ఫంక్షనల్ భాషలో ఆ సంగతిని ప్రోగ్రామరే 'రికర్' అని విడిగా రాసి చెప్పాలి.

అసలు లోటు జెనరిక్స్. ఏ రకం విలువలకైనా సరిపడే జాబితాను ఒక్కసారే రాసి, రకాల తనిఖీని మాత్రం వదులుకోకుండా వాడుకునే సౌకర్యం అది. ఫంక్షనల్ భాషలకు ఊపిరి లాంటిది. తొలి డాట్‌నెట్‌లో అది లేదు. కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో డాన్ సైమ్, ఆండ్రూ కెనడీ దాన్ని వేదిక పునాదిలోనే ఇమిడేలా రూపొందించారు. 2005లో డాట్‌నెట్ 2.0తో అది అందరికీ చేరింది. దానివల్ల ఎక్కువ లాభపడింది సీ షార్ప్ వాడేవాళ్లే.

హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషను డాట్‌నెట్‌పైకి తెచ్చే ప్రయత్నమూ జరిగింది. అవసరం వచ్చేదాకా ఏదీ లెక్కించని ఆ భాష స్వభావం ఇక్కడి లైబ్రరీలతో పొసగలేదు. సైమ్ అప్పుడు ఎంఎల్ అనే ఫంక్షనల్ భాషల కుటుంబానికి చెందిన ఓకామెల్‌ను ఆదర్శంగా తీసుకుని ఎఫ్ షార్ప్‌ను తయారుచేశాడు. 2010లో అది మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ సాధనం విజువల్ స్టూడియోలో భాగమైంది. నెట్‌వర్క్ జవాబు కోసం ప్రోగ్రాం నిలిచిపోకుండా చూసే అసింక్ పద్ధతి ముందు ఎఫ్ షార్ప్‌లో వచ్చింది. సీ షార్ప్‌కు తనదైన రూపంలో 2012లో అందింది.

తీరని పేచీ 'నల్', అంటే విలువ లేకపోవడం. ఎఫ్ షార్ప్ సొంత రకాలు మామూలుగా దాన్ని ఒప్పుకోవు. విలువ ఉండకపోవచ్చంటే ఆ మాట రకంలోనే చెప్పాలి. సీ షార్ప్ లైబ్రరీ నుంచి వచ్చే స్ట్రింగ్ మాత్రం నల్ కావచ్చు. అలాంటి చోట్ల కంపైలరే హెచ్చరించే ఏర్పాటు 2024లో ఎఫ్ షార్ప్ 9తో వచ్చింది, అదీ ప్రోగ్రామర్ కోరుకుంటేనే.