నా పేరు పక్కన 80 డాలర్లు

మా వీధి చివర స్కూల్ బస్సు ఆగే చోట ఒక ఖాళీ జాగా ఉండేది. సిటీ వాళ్లదే. వానలు పడినన్నాళ్లూ బురద, ఎండలు వచ్చాక ముళ్ల బ్లాక్‌బెర్రీ పొదలు. పొద్దున్నే పిల్లల్ని బస్సెక్కించడానికి వెళ్లిన తల్లులమంతా దాని పక్కనే నిలబడి, "ఇక్కడో బెంచీ, నాలుగు మొక్కలూ ఉంటే ఎంత బాగుండును!" అనుకుని ఇంటికొచ్చేసేవాళ్లం. అలా అనుకోవడంలోనే రెండేళ్లు గడిచాయి.

మేముండేది సియాటిల్ పక్కన ఓ చిన్న సిటీలో. ఇలాంటి పనులకి సిటీ ఏటా చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుందని ఎదురింటి పెద్దావిడ చెప్పేదాకా నాకు తెలియదు. "మనలాంటి వాళ్లకి ఎందుకిస్తారండీ?" అన్నాను. "అడిగినవాళ్లకిస్తారు" అందావిడ.

ఈ పద్ధతికి మా ప్రాంతంలో పేరున్న ఉదాహరణ సియాటిల్ నగరానిదే. 1988లో వాళ్లు 'నైబర్‌హుడ్ మ్యాచింగ్ ఫండ్' అని మొదలుపెట్టారు. సియాటిల్ వచ్చిన చుట్టాలందరికీ మనం చూపించే ఫ్రీమాంట్ ట్రోల్ ఉంది కదా, అరోరా వంతెన కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్న రాక్షసుడు! 1990లో కట్టిన ఆ బొమ్మకి ఈ ఫండ్ సొమ్ము కూడా తోడైంది. అంతకుముందు ఆ వంతెన కింద అంతా చెత్తాచెదారమే.

'మ్యాచింగ్' అన్న మాటలోనే కిటుకంతా ఉంది. సిటీ కొంత ఇస్తుంది, దానికి తగ్గ వాటా పేటవాళ్లు చూపించాలి. ఆ వాటా డబ్బే కానక్కర్లేదు. ఎవరైనా ఉచితంగా ఇచ్చిన సామాను కావచ్చు, పని తెలిసినవాళ్లు ఊరికే చేసిపెట్టిన సేవ కావచ్చు, మనం మట్టి తవ్విన గంటలు కావచ్చు. గంటకి ఇంత అని సిటీ ఒక రేటు కడుతుంది.

నాకు వెంటనే జన్మభూమి గుర్తొచ్చింది. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ కార్యక్రమం మొదలైనప్పుడు నేను బడికెళ్లే పిల్లని. ఊరివాళ్లు తమ వాటా డబ్బుగానో, సామానుగానో, శ్రమదానంగానో ఇస్తే మిగతాది ప్రభుత్వం ఇచ్చేది. మా బడికి ప్రహరీ కట్టినప్పుడు నాన్న ఇసుక తట్టలు మోశారు. అమ్మా, పిన్నీ రోజంతా అందరికీ మజ్జిగ కలిపి పోశారు. లెక్కల పుస్తకంలో నాన్న పేరుంది. అమ్మ పేరు లేదు.

మొదటి ఏడాది మేం పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. తప్పు మాదే. 3,000 డాలర్లు అడిగి, మా వాటా కింద "వీధివాళ్లందరం సాయం చేస్తాం" అని ఒక్క వాక్యం రాశాం. ఎవరు, ఏ పని, ఎన్ని గంటలు? ఏమీ లేదు. బోటనీలో డిగ్రీ చేసి, రికార్డు పుస్తకాల్లో ప్రతి కొలతా రాసిన నేను ఇలా ఎలా పంపానా అని సిగ్గేసింది.

రెండో ఏడాది కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆరేళ్లుగా చెయ్యి ఊపడమే తప్ప మాట్లాడని ఇళ్లవి. కొరియా వాళ్లు, మెక్సికో వాళ్లు, మన ఊళ్ల వాళ్లు కూడా. 25 మంది తలా 4 గంటలు వస్తామని సంతకం పెట్టారు. మా సిటీ రేటు గంటకి 20 డాలర్లు, అంటే 2,000. రిటైరైన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఒకాయన 8 గంటలు ప్లాన్ గీసిస్తానన్నారు. ఆయన వృత్తి రేటు గంటకి 75 చొప్పున 600. ఒక నర్సరీ 400 డాలర్ల కంపోస్టు ఇస్తామని ఉత్తరం రాసిచ్చింది. మొత్తం 3,000.

ఆ పట్టికలో నా పేరు పక్కన "4 గంటలు, 80 డాలర్లు" అని టైపు చేసి కాసేపు ఆగిపోయాను. హెచ్4 వీసా మీద వచ్చిన ఆరేళ్లలో నా పేరు పక్కన డాలర్లు రాయడం అదే మొదటిసారి. ఆ డబ్బు నా చేతికి రాదు, రాకూడదు కూడా. అయినా నా గంటకి ఒక విలువుందని ఒక ఆఫీసు ఒప్పుకున్న కాగితం అది.

ఈసారి గ్రాంటు వచ్చింది. మొక్కలు అక్టోబరులో నాటాం. ఇక్కడ వేసవి పొడిగా ఉంటుంది, శరదృతువులో నాటితే చలికాలం వానలే నీళ్లు పోసి వేళ్లు పట్టిస్తాయి. గోంగూర వేద్దామని మనవాళ్లు సరదాపడ్డారు కానీ, ఈ నేలకి అలవాటైన స్వోర్డ్ ఫెర్న్, ఆరెగాన్ గ్రేప్, ఎర్రపూల కరెంట్ ఎంచుకున్నాం. సంతకం పెట్టిన 25 మందిలో వచ్చింది 19 మందే. తక్కువైన 24 గంటల కోసం మరో రెండు శనివారాలు వానలో తడుస్తూ పనిచేశాం. ఫ్లాస్కుల్లో టీ, డబ్బాల్లో పులిహోర తెచ్చినవాళ్లని కూడా పారలు పట్టించి, హాజరు పట్టీలో సంతకం పెట్టించాను. అమ్మ పేరు గుర్తుంది మరి!

మీ సిటీలో ప్రయత్నించాలనుకుంటే, మా అనుభవంలో తేలినవి ఇవి. సిటీ వెబ్‌సైట్‌లో 'నైబర్‌హుడ్ గ్రాంట్స్' అని వెతకండి, గడువు తేదీ రాసుకోండి. సాధారణంగా ఒక్క మనిషికీ, ఒక్క వ్యాపారానికీ ఇవ్వరు. చేసేది అందరికీ ఉచితంగా అందుబాటులో ఉండాలి, మన సంఘం సభ్యులకే అంటే కుదరదు. రిజిస్టరైన సంస్థ లేకపోతే, మీ తరఫున డబ్బు లెక్కలు చూసే మరో సంస్థని ఒప్పుకుంటారేమో అడగండి. చాలాచోట్ల డబ్బు ముందుగా ఇవ్వరు, ఖర్చుపెట్టి రసీదులు చూపించాలి. కాబట్టి మొదటి బిల్లు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. జాగా సిటీదైతే అనుమతి వచ్చేదాకా పార ముట్టుకోవద్దు. పని చేసుకునే అనుమతి లేని వీసాలో ఉన్నవాళ్లు గ్రాంటులోంచి జీతం, పారితోషికం తీసుకోకండి. ఏమాత్రం అనుమానమున్నా లాయర్ని అడగండి.

అన్నిటికంటే ముందు గడువు కోసం చూడకుండా పక్కింటి తలుపు తట్టండి. దరఖాస్తులో కష్టమైన భాగం అదే.

మొన్న అమ్మ వీడియో కాల్‌లో బెంచీ చూపించమంది. చూపించాను. "దీనికి నువ్వేం చేశావే?" అంది. హాజరు పట్టీ తెచ్చి కెమెరా ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని నా పేరు వెతుక్కుని, పక్కనున్న గంటలన్నీ వేళ్లమీద కూడుకుంది.