వేటగాని చేయి, కన్ను

పంపు తుపాకి మేలా, సెమీ ఆటోమేటిక్ మేలా అన్న చర్చ వేటగాళ్లలో చిరకాలంగా ఉన్నదే. మొదటిదానిలో ప్రతిసారీ గొట్టం క్రింది పిడిని వెనుకకు లాగి ముందుకు త్రోయాలి. రెండవదానిలో ప్రేలుడు శక్తియే కాలిన డొల్లను వెలికినెట్టి క్రొత్త తూటాను ఎక్కిస్తుంది. మీట నొక్కితే చాలు. నమ్మకానికి మొదటిది, వేగానికి రెండవది అని సామాన్యాభిప్రాయం.

గోదావరికి ఇరువైపులా కరీంనగరు, ఆదిలాబాదు అడవులు ఎరిగిన తుపాకి వేరు. అది భర్మారు. మందు పోసి, పీలిక కూరి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించాలి. గురి తప్పితే మృగం మరల నిలువదు. కనుక వేటగాడు చేరువకు వెళ్లి, చూచి కొట్టవలసి వచ్చేది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లైసెన్సుపై కొంత వేటకు తావిచ్చింది. 1991 నాటి సవరణ దానినీ తొలగించింది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాలు 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షిత ప్రాంతమైనది.

అయినను దొంగవేట ఆగలేదు; తుపాకి స్థానంలో కరెంటు తీగె వచ్చింది. అడవిపందికై పరచిన తీగె పులినీ చంపుతుంది, రాత్రివేళ చేనికి వచ్చిన రైతునూ చంపుతుంది. భర్మారులో పనియంతా చేతిది. పంపులో ఒక్క లాగుడు. సెమీ ఆటోమేటిక్‌లో వ్రేలు మాత్రమే. తీగెకు కన్నుకూడ అక్కరలేదు. శ్రమ తగ్గినకొద్దీ, చూచి విడిచిపెట్టే అవకాశమూ తగ్గింది.