గజం ధర పెరిగిందా... ఎందుకు పెరిగింది?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో కట్టడమే కష్టం. ఇప్పుడు కట్టడానికి జాగా కొనడమే కష్టం. 'ఇంత పెట్టి అక్కడెవరు కొంటారు' అనుకున్న స్థలం ఇవాళ అందనంత ఎత్తులో ఉంది. ఎగబడి కొన్న మరోచోట ప్లాటు ఏళ్లతరబడి అమ్ముడుపోలేదు. రెండూ తెలుగు నేలమీదే. మరెందుకింత తేడా?

కోకాపేట... అంచెలంచెలుగా
హైదరాబాద్ పడమటి వైపు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. 1998లో మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య సైబర్ టవర్స్ మొదలైంది. దాని వెనకే కంపెనీలు, ఉద్యోగాలు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ముక్కలు ముక్కలుగా 2018 నాటికి పూర్తయింది.

ఆ రోడ్డు పక్కనే ఉన్న కోకాపేటలో 2006 ప్రభుత్వ వేలంలో ఎకరం గరిష్ఠంగా 14 కోట్లు దాటితే అంతా నోరెళ్లబెట్టారు. అదే కోకాపేటలో 2021లో 60 కోట్లు, 2023 ఆగస్టులో 100 కోట్లు దాటింది. ఎకరమంటే 4,840 గజాలు. అంటే గజం 2 లక్షల పైమాటే! అంత పెట్టి కొన్నవాళ్లు రెండంతస్తుల ఇల్లు కట్టరుగా... అందుకే అక్కడ ఆకాశాన్నంటే టవర్లు లేస్తున్నాయి.

అయితే ఇక్కడో చిన్న లెక్క ఉంది. 14 కోట్లు 60 కోట్లు కావడానికి 15 ఏళ్లు పట్టింది. చక్రవడ్డీతో చూస్తే ఏడాదికి సుమారు 10 శాతం. మధ్యలో 2008 ఆర్థికమాంద్యం, రాష్ట్ర విభజన ముందరి అనిశ్చితి. అన్నాళ్లు ఆగగలిగినవాళ్లకే ఆ లాభం. అప్పు తెచ్చి కొన్నవాళ్లలో ఎందరు ఆగగలరు?

అమరావతి... ఒక్క నిర్ణయం
మిగతా సగం జవాబు కృష్ణా తీరంలో ఉంది. రాజధాని కోసం సుమారు 30 వేలమంది రైతులు 33 వేలకు పైగా ఎకరాలు ఇచ్చారు. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. గుంటూరు, విజయవాడల మధ్య పల్లెల్లో ధరలకు రెక్కలొచ్చాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఆ రెక్కలు తెగాయి. పనులు ఆగాయి, కొనేవాళ్లు కనిపించలేదు. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి, ధరలూ లేచాయి. అదే ప్లాటు, అదే మట్టి. మారింది నిర్ణయమొక్కటే!

ఉద్యోగాలు నిలబెట్టిన ధర నెమ్మదిగా పెరిగినా అంత తేలిగ్గా పడిపోదు. ప్రకటన లేపిన ధర మరో ప్రకటనతో కూలిపోవచ్చు. ఇక 'త్వరలో రోడ్డు వస్తుంది' అని బ్రోచర్లో ఉంటే, ఆ రోడ్డుకు భూసేకరణ జరిగిందో లేదో ముందు కనుక్కోవాలి.

వాయిదా అసలు రూపం
50 లక్షల గృహరుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలవాయిదా సుమారు 43,400 రూపాయలు. గడువు ముగిసేసరికి కట్టేది కోటీ 4 లక్షలు. అంటే అసలుకన్నా వడ్డీయే ఎక్కువ! జీతం పెరిగిన ప్రతిసారీ కొంత అసలు ముందుగా తీర్చేస్తే ఈ భారం బాగా తగ్గుతుంది.

సంతకానికి ముందు...
* ప్రాజెక్టుకు రెరా నమోదు ఉందో లేదో వెబ్‌సైట్‌లో మీరే చూడండి. 2016 చట్టం ప్రకారం కొనుగోలుదారులిచ్చిన సొమ్ములో 70 శాతం బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.
* ధర చెప్పేటప్పుడు కార్పెట్ ఏరియా ఎంతో అడగండి. మంచం వేసుకునేది అందులోనే.
* పత్రాలు, ఈసీ లాయరుకు చూపించండి. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ పరిధిలో ఉందేమో చూసుకోండి. 2024లో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల పరిధిలో కట్టిన నిర్మాణాలు ఎలా కూలాయో అందరూ చూశారు.
* బ్యాంకు అప్పిచ్చిందంటే అన్నీ సక్రమమేనని కాదు.

ఉండటానికి కొన్న ఇంటి ధర పెరిగితే సంతోషమే. కానీ అమ్మేదాకా ఆ లాభం కాగితం మీదే. ఈలోగా రేపు మన పిల్లలు కొనుక్కోవాల్సిన ఇల్లు కూడా అంతే పెరుగుతుంది. అందుకే పక్కింటాయన ప్లాటు ఎంతైందన్నది కాదు, మన వాయిదా మనం నిద్రపోయేంతలో ఉందా అన్నదే చూసుకోవాలి.