రెండు భాషలు, ముదిమి వయసు

వయసు మళ్లాక ముందుగా మొరాయించేవి పేర్లు. మనిషి కళ్లముందు మెదులుతాడు, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అర్థం చెరగదు, దాన్నుంచి ధ్వనికి వెళ్లే దారే మందగిస్తుంది. దీన్ని డిమెన్షియా అనుకుని బెంబేలు పడనక్కర్లేదు. అది రోజువారీ పనులనే సాగనివ్వని జబ్బు. వయసు భాషను ఇలా తాకుతుంది సరే, భాష కూడా ముదిమిని తాకుతుందా? నెల్లూరు వైపు కలువాయి నుంచి ఆత్మకూరు, ఉదయగిరి దాకా ఈ ప్రశ్న పరాయిది కాదు. ఇక్కడ ఉర్దూ ఇంటిభాషగా ఉన్న కుటుంబాలున్నాయి. అంగట్లో బేరం తెలుగులో నడుస్తుండగానే పక్కనున్న తమ్ముడికి మాట ఉర్దూలో అందుతుంది.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికంటే వీరిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. ఇదంతా చదువు మహిమేనని అనేవారికి జవాబు అక్కడే ఉంది: బడి ముఖం చూడనివారిలో తేడా ఆరేళ్లు. మూడో భాషతో అదనపు లాభం మాత్రం కనిపించలేదు. ఇలా ఎందుకు? మాట్లాడేటప్పుడు రెండు భాషలూ మెదడులో మేలుకునే ఉంటాయి. ఒకదాన్ని అదిమిపట్టి రెండోదాన్ని పలకాలి. పొద్దస్తమానం జరిగే ఈ అదుపే అసలు కసరత్తు అని నా అభిప్రాయం. 2016లో ఇదే ఆసుపత్రి నుంచి వచ్చిన మరో అధ్యయనమూ అటే మొగ్గుతోంది. పక్షవాతం వచ్చిన 608 మందిలో, ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. అంటే మేలు మాటకు కాదు, మాటను నడిపే ధ్యాసకు.

అంతకుముందు, 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం నాలుగేళ్ల ఆలస్యాన్ని చూపినప్పుడు, ఆ రెండు భాషల రోగుల్లో చాలామంది వలస వచ్చినవారు కదా, గట్టివారే వలస పోతారేమో అని కొందరన్నారు. హైదరాబాద్‌లో ఆ చిక్కు అంతగా లేదు. అక్కడ రెండు భాషలూ వీధిలోనివే. ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాల్లో రెండు భాషలవారికి జబ్బు ముప్పు తగ్గినట్టు తేలలేదని 2017లో ఒక సమీక్ష తేల్చింది. ఆసుపత్రికి వచ్చినవారి లెక్క ఊరందరి లెక్క కాదు, నిజమే. అయితే జబ్బు వస్తుందా అన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు బయటపడుతుందన్నది వేరొకటి. ఈ రెండోదాన్ని తేల్చాలంటే వలస ఊసు లేకుండా, తరతరాలుగా రెండు భాషలతో బతుకుతున్న ఉదయగిరి లాంటి ఊళ్లలో యాభై ఏళ్లవారిని ఇప్పటినుంచే గమనిస్తూ రావాలి. చదవడం, రాయడం రానివారికీ సరిపడే పరీక్షలు వారి ఇంటిభాషలోనే పెట్టాలి.