మనకేనా, ఊరందరికీనా?

మా సామర్లకోటలో కరెంటు పోతే అమ్మమ్మ ముందు అడిగేది ఒక్కటే: "మనకేనా, ఊరందరికీనా?" నేను డాబా ఎక్కి చూసొచ్చి చెప్పాలి. సైబర్ సెక్యూరిటీలోనూ మొదటి ప్రశ్న ఇదేనని ఈ మధ్యే అర్థమైంది. దెబ్బ ఎక్కడిదాకా పాకింది?

2019 ఏప్రిల్ నెలాఖరులో తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. మన గోదావరి జిల్లాలకి కరెంటిచ్చే ఏపీఈపీడీసీఎల్ కూడా అందులో ఉంది. రాన్సమ్‌వేర్ అంటే, మనింటికి ఎవడో తాళం వేసేసి, తాళంచెవి కావాలంటే డబ్బులు కట్టమనడం. ఫైళ్లు అక్కడే ఉంటాయి, తెరుచుకోవు. వాళ్లు బిట్‌కాయిన్లు అడిగారు. వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ఇళ్లలో ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

ఎలా? బిల్లులు, వెబ్‌సైటు చూసుకునేది ఆఫీసు నెట్‌వర్క్. సబ్‌స్టేషన్లో బ్రేకర్లని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసేది స్కాడా అనే వేరే వ్యవస్థ. దెబ్బ మొదటిదానికి తగిలింది, రెండోదాన్ని తాకలేదు.

తాకితే ఏమవుతుందో ఉక్రెయిన్ చూసింది. అక్కడ ఉద్యోగులకి మామూలు ఈమెయిల్‌లా ఒక వర్డ్ ఫైలు వచ్చింది. తెరిచారు. హ్యాకర్లు నెలల తరబడి లోపలే ఉండి పాస్‌వర్డ్‌లు దొంగిలించి, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి స్కాడాలోకి దారి వెతుక్కున్నారు. 2015 డిసెంబర్ 23న ఆపరేటర్ల కళ్లముందే మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు ఆపేసింది. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకి కరెంటు పోయింది. కొన్ని గంటల్లో తిరిగొచ్చింది, ఎందుకంటే సిబ్బంది సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేశారు!

లాప్‌టాప్‌కి అయితే అప్‌డేట్ కొట్టి రీస్టార్ట్ చేస్తాం. రాత్రీపగలూ నడిచే సబ్‌స్టేషన్‌ని అలా ఆపలేం కదా. అందుకే అక్కడ పాత సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పైగా స్మార్ట్ మీటర్లు, యాప్‌లు వస్తున్నకొద్దీ ఆ రెండు నెట్‌వర్కుల మధ్య గోడకి కొత్త తలుపులు పడుతున్నాయి. ప్రతి తలుపుకీ కాపలా కావాలి. విడిగా దాచిన బ్యాకప్ కావాలి. చేత్తో స్విచ్ వేయడం తెలిసిన మనిషి కూడా కావాలి.

మనలో కొందరం రేపు ఇలాంటి చోటే ఉద్యోగాల్లో చేరతాం. తెలియని అటాచ్‌మెంట్ మీద క్లిక్ చేసేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ క్లిక్ దెబ్బ మనకేనా, ఊరందరికీనా?